లైవ్ సీడీ బూట్ కాకపోతే, ఏ దశలో ఆగిందో ముందు చూడాలి

లైవ్ సీడీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నేరుగా డిస్కు నుంచి నడిపించే సీడీ) పెట్టి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు లినక్స్ డెస్క్‌టాప్ రావలసిన చోట నల్ల తెర మిగలడమో, అర్థంకాని సందేశాలు వరుసగా పారడమో, ఏమీ ఎరగనట్టు మామూలు విండోస్ తెరుచుకోవడమో జరిగితే, చాలామంది వెంటనే చేసే పని ఇంకో డిస్కు రాయడం. అదీ బూట్ కాకపోతే మరో డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రూపం) దింపుకోవడం. విశాఖపట్నంలో ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు కంప్యూటర్ దుకాణాల్లో ఒకప్పుడు డబ్బాలకు డబ్బాలు అమ్ముడుపోయిన ఖాళీ సీడీలు ఇప్పుడు అడిగితే తప్ప బయటికి రావు కాబట్టి, ఈ పద్ధతిలో డబ్బు సంగతి అటుంచి తిరుగుడే ఎక్కువ. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. కంప్యూటర్‌ను ఆపేసిన క్షణంలోనే, అది ఎందుకు ఆగిపోయిందో చెప్పే ఏకైక సాక్ష్యం తెర మీదినుంచి చెరిగిపోతుంది. లైవ్ సీడీ వైఫల్యం ఒకటే రకం కాదు. ఏ దశలో ఆగితే ఆ దశకు తగిన గుర్తు తెర మీద ఉంటుంది. ఆ గుర్తును ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోవడం వెతుకులాటలో మొదటి మెట్టు.

ఆ దశలు ఏమిటో తెలిస్తే మిగతాదంతా సులువవుతుంది. కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డు మీద ఉండే ఫర్మ్‌వేర్ (పాత యంత్రాల్లో బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ) డిస్కులో బూట్ చేయదగిన భాగం ఉందేమో వెతుకుతుంది. ఆ భాగం ఎక్కడ ఉండాలో నిర్ణయించే ఒప్పందం పేరు ఎల్ టోరిటో. ఐబీఎం, ఫీనిక్స్ సంస్థలు 1995లో దాన్ని వెలువరించాయి. అక్కడ దొరికిన ఐసోలినక్స్ లేదా గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూ చూపించి, లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌ను, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థను మెమరీలోకి ఎక్కిస్తుంది. ఇంతవరకూ డిస్కును చదివింది ఫర్మ్‌వేర్ సాయంతోనే. కెర్నెల్ నడవడం మొదలైన తర్వాత ఆ సాయం ఉండదు. కెర్నెల్ తన సొంత డ్రైవర్లతో సీడీ డ్రైవును మళ్లీ గుర్తించి, అదే డిస్కును రెండోసారి వెతికి, అందులోని స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కుదించిన పెద్ద ఫైలును తెరిచి, దాని మీద ర్యామ్‌లో రాసుకోగల ఒక పొరను పరిచి, అప్పుడు డెస్క్‌టాప్‌ను తెస్తుంది. క్లౌస్ క్నాపర్ 2000లో విడుదల చేసిన నాపిక్స్ కాలం నుంచి పద్ధతి దాదాపు ఇదే. కుదింపు సాధనాలు, పొరల సాధనాలు మాత్రం మారుతూ వచ్చాయి.

అంటే ఒకే డిస్కును ఒకే బూట్‌లో ఇద్దరు వేర్వేరు చదువరులు చదువుతున్నారు. మొదటివాడికి కనిపించినది రెండోవాడికి కనిపించకపోవచ్చు. లైవ్ సీడీ సమస్యల్లో మనుషుల్ని ఎక్కువగా తికమక పెట్టేది ఈ చీలికే. మెనూ వచ్చింది కాబట్టి డిస్కు బాగానే ఉందని, డ్రైవు బాగానే ఉందని తీర్మానించడం తొందరపాటు.

మెనూ కూడా రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే, లేదా బూట్ చేయదగిన పరికరం లేదన్న సందేశం వస్తే, లినక్స్ ఇంకా రంగంలోకే రాలేదన్న మాట. ఇక్కడ కెర్నెల్ ఐచ్ఛికాల గురించి వెతకడం వృథా. ముందుగా చూడవలసింది బూట్ మెనూ. సాధారణంగా డెల్, లెనోవో యంత్రాల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్ మీట పనిచేస్తాయి. మీట ఎంత నొక్కినా మెనూ రాకపోతే తప్పు వేలిది కాకపోవచ్చు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ సదుపాయం వల్ల షట్‌డౌన్ నొక్కినా యంత్రం పూర్తిగా ఆగదు. ఫర్మ్‌వేర్‌లో ఫాస్ట్ బూట్ కూడా ఉంటే మీట నొక్కే వ్యవధే దొరకదు. విండోస్‌లో షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే వచ్చే నీలి తెరలో పరికరాన్ని ఎంచుకునే అవకాశం ఉంటుంది. పాత డెస్క్‌టాప్‌లలో ఇంకో చిక్కు ఉంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ మార్చిన బూట్ క్రమం మరిచిపోయి యంత్రం మొదటికి వస్తుంది. నిన్న పనిచేసిన డిస్కు ఇవాళ పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఈ బ్యాటరీయే. ఇక కార్పొరేట్ కార్యాలయాలు వదిలించుకున్నాక సెకండ్ హ్యాండ్‌లో అమ్ముడయ్యే లాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేర్‌కు పాస్‌వర్డ్ పెట్టి, బయటి పరికరాల నుంచి బూట్ కావడాన్నే నిషేధించి ఉండటం కద్దు. కొనేముందు దుకాణంలోనే ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లగలుగుతున్నామో లేదో చూసుకోవడం మంచిది. ఇంటికి తెచ్చాక తెలిస్తే అమ్మినవాడి చుట్టూ తిరగడమే మిగులుతుంది.

బూట్ మెనూలో డ్రైవు పేరు ఉన్నా డిస్కు నుంచి మొదలవకపోతే, డిస్కును ఏదైనా పనిచేసే కంప్యూటర్‌లో తెరిచి లోపల ఏముందో చూడాలి. బూట్, ఈఎఫ్ఐ, ఐసోలినక్స్ వంటి ఫోల్డర్లు, ఉబుంటు అయితే క్యాస్పర్, డెబియన్ అయితే లైవ్ అనే ఫోల్డరు కనిపిస్తే రాయడం సరైన పద్ధతిలో జరిగినట్టే. అవేమీ లేకుండా ఐఎస్ఓ అన్న తోకతో ఒకే ఒక్క పెద్ద ఫైలు కనిపిస్తే, దింపుకున్న ఫైలును డిస్కులోకి నకలు చేశారే తప్ప ఇమేజీగా రాయలేదన్న మాట. విండోస్ 7 నుంచి ఐఎస్ఓ ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ ఇమేజ్‌ను బర్న్ చేసే ఐచ్ఛికం అక్కడే ఉంది. పరిమాణం సంగతీ మరవకూడదు. సీడీలో పట్టేది 700 ఎంబీ. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ. ఉబుంటు 2012లో వచ్చిన 12.10తోనే సీడీ హద్దు దాటింది. 24.04 డెస్క్‌టాప్ ఇమేజీ ఒక పొర డీవీడీలో కూడా పట్టదు. లైవ్ సీడీ అన్న పేరు వాడుకలో నిలిచిందే గానీ ఇప్పుడు అచ్చమైన సీడీలో ఇమిడేవి తేలికపాటి డిస్ట్రోలు కొన్ని మాత్రమే.

యూఈఎఫ్ఐ యంత్రాల దగ్గర వ్యవహారం ఇంకాస్త మెలిక పడుతుంది. ఈ తరం డిస్కుల్లో రెండు బూట్ ద్వారాలు ఉంటాయి: పాత బయోస్ కోసం ఒకటి, యూఈఎఫ్ఐ కోసం ఫ్యాట్ పద్ధతిలో అమర్చిన చిన్న ఇమేజీ ఒకటి. చాలా ఏళ్ల నాటి డిస్కులో మొదటిది మాత్రమే ఉంటుంది. కొత్త లాప్‌టాప్‌లలో పాత బయోస్‌లా నటించే సీఎస్ఎం అన్న వెసులుబాటును తీసేస్తూ వచ్చారు కాబట్టి, అలాంటి యంత్రానికి ఆ పాత డిస్కు ఖాళీ డిస్కుతో సమానం. డిస్కు చెడిపోలేదు, యంత్రం చెడిపోలేదు. ఒకరి మాట ఒకరికి తెలియదంతే.

నమ్మిన సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ విషయంలో గుర్తు స్పష్టంగానే ఉంటుంది. భద్రతా విధానాన్ని ఉల్లంఘించిందన్న సందేశమో, సంతకం సరిపోలేదన్న ఎర్ర పెట్టెనో తెర మీదికి వస్తుంది. ఉబుంటు, ఫెడోరా, 2019లో వచ్చిన 10వ విడుదల నుంచి డెబియన్, మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ద్వారా ఈ తనిఖీని దాటుతాయి. ఆర్చ్ లినక్స్ అధికారిక ఇమేజీలో ఆ ఏర్పాటు లేదు. దానికి సెక్యూర్ బూట్ ఆపక తప్పదు. కొన్ని కొత్త వ్యాపార తరగతి లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ సొంత సంతకాలను నమ్మి, ఇతరుల కోసం వాడే ధ్రువపత్రాన్ని ముందుగానే ఆపి ఉంచుతారు. సెట్టింగుల్లో ఆ ఒక్క అనుమతి ఇస్తే చాలు, సెక్యూర్ బూట్‌ను మొత్తంగా ఆపనక్కరలేదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లను యంత్రం నిరాకరించేలా చేసింది. అంతకుముందు నిక్షేపంగా బూట్ అయిన లైవ్ డిస్కులు, విండోస్ పక్కనే ఇన్‌స్టాల్ చేసుకున్న లినక్స్‌లు ఆ తర్వాత ఎస్‌బ్యాట్ తనిఖీ విఫలమైందన్న సందేశంతో ఆగిపోయాయి. ఆ సందేశం కనబడితే పాత డిస్కును పక్కన పెట్టి కొత్త విడుదల దింపుకోవడమే సరైన మార్గం.

సెక్యూర్ బూట్ ఆపే ముందు ఒక్క హెచ్చరిక. విండోస్ డ్రైవు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే, ఫర్మ్‌వేర్‌లో ఈ మార్పు చేశాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ఎక్కడుందో తెలియకుండా సెట్టింగుల్లో చేయి పెడితే, లినక్స్ చూద్దామని మొదలుపెట్టి ఉన్న ఫైళ్లకే దూరమయ్యే ప్రమాదం ఉంది. కీని కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

దింపుకున్న ఫైలు సక్రమంగా ఉందా అన్న ప్రశ్న నిజానికి అన్నిటికన్నా ముందు రావాలి, కానీ ఆచరణలో అందరూ చివరికి వదిలేస్తారు. దాదాపు ప్రతి డిస్ట్రో తన ఐఎస్ఓ పక్కనే ఎస్‌హెచ్ఏ256 విలువను (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) ప్రచురిస్తుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ (certutil) ఆదేశంతో, లినక్స్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్ (sha256sum) ఆదేశంతో దింపుకున్న ఫైలు విలువను లెక్కగట్టి రెండూ పోల్చాలి. 64 అక్షరాల్లో ఒక్కటి తేడా ఉన్నా ఆ ఫైలు పనికిరాదు. మొబైల్ డేటా మీద మధ్యమధ్య తెగుతూ దిగిన ఫైళ్ల విషయంలో ఈ పోలిక తప్పనిసరి. పరిమాణం సరిపోయినా లోపల ఒక ముక్క చెడి ఉండవచ్చు.

ఫైలు బాగుంటే డిస్కు కూడా బాగున్నట్టు కాదు. రాసిన డిస్కును తిరిగి చదివి అదే విలువ వస్తుందేమో చూడవచ్చు, అయితే ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. డ్రైవును మొత్తంగా చదివిస్తే చివర్లో రైటర్ కలిపిన ఖాళీ సెక్టార్లు కూడా లెక్కలోకి వచ్చి విలువ మారిపోతుంది. దాంతో మంచి డిస్కును కూడా చెడిందని పారేస్తారు. ఐఎస్ఓ ఫైలు పరిమాణాన్ని 2048తో భాగిస్తే ఎన్ని సెక్టార్లో తేలుతుంది. లినక్స్‌లోని డీడీ (dd) ఆదేశానికి ఆ లెక్క ఇచ్చి అంతవరకే చదివిస్తే పోలిక సరిగా వస్తుంది. ఇంత లెక్క వద్దనుకుంటే ఉబుంటు వంటి డిస్ట్రోల బూట్‌లోనే డిస్కు తనిఖీ ఉంది. కొత్త విడుదలల్లో అది దానంతట అదే నడుస్తుంది. తొందరపడి దాన్ని దాటవేయకపోవడం మేలు.

బూట్‌లోడర్ దశలో ఆగే సందర్భాలు తక్కువ. ఐసోలినక్స్ తన ఇమేజీ చెక్‌సమ్ సరిపోలేదని చెప్పినా, డిస్క్ ఎర్రర్ అని ఒక సంఖ్య చూపినా, ఫర్మ్‌వేర్ ఆ డిస్కును సరిగ్గా చదవలేకపోతోందనే అర్థం. డిస్కు, డ్రైవు రెండింటినీ అనుమానించాలి. రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానంటూ కెర్నెల్ పానిక్ వచ్చి, అందులో సున్నా, సున్నా అన్న బ్లాక్ సంఖ్య కనిపిస్తే, చాలావరకు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మెమరీలోకి ఎక్కలేదన్న మాట.

అసలు చిక్కుముడి దాని తర్వాతి దశలో ఉంది. మెనూ వచ్చింది, కెర్నెల్ మొదలైంది, లోగో కింద చుక్కలు కాసేపు తిరిగాయి, ఆ తర్వాత లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న మాధ్యమం దొరకలేదన్న వాక్యం, దాని కింద బ్రాకెట్లలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అన్న పేరుతో మినుకుమనే కర్సర్. చూసేవారికి ఇది పరమ వింతగా ఉంటుంది. ఏ డిస్కు నుంచి బూట్ అయిందో ఆ డిస్కే కనపడటం లేదంటోంది! పైన చెప్పిన రెండో చదువరి సంగతి ఇక్కడే పనికివస్తుంది. ఫర్మ్‌వేర్ చదవగలిగిన డ్రైవును కెర్నెల్ చదవలేకపోతోంది. కారణం ఆ కంట్రోలర్‌కు డ్రైవర్ లేకపోవడం కావచ్చు, డ్రైవు తేరుకోవడానికి పట్టే సమయం కెర్నెల్ ఓపిక పట్టిన సమయం కన్నా ఎక్కువ కావడం కావచ్చు, కరెంటు చాలక యూఎస్‌బీ డ్రైవు మధ్యలో పడిపోవడం కావచ్చు.

ఆ కర్సర్ దగ్గర భయపడి ఆపేయకూడదు. అది ప్రశ్నలకు జవాబిచ్చే చోటు. ఎల్ఎస్ ఆదేశంతో డెవ్ ఫోల్డరులోని పరికరాలను చూపమంటే (ls /dev) జాబితా వస్తుంది. అందులో ఎస్ఆర్0 (sr0) ఉంటే సీడీ డ్రైవు కెర్నెల్‌కు తెలిసినట్టే. అప్పుడు అనుమానం డిస్కు మీదికి మళ్లాలి. ఎస్ఆర్0 లేకపోతే డ్రైవే కనపడలేదు. అప్పుడు కేబుల్, పోర్టు, డ్రైవర్ చూడాలి. డీఎంఈఎస్‌జీ (dmesg) అన్న ఆదేశం ఇస్తే కెర్నెల్ మొదటినుంచి రాసుకున్న చిట్టా అంతా వస్తుంది. యూఎస్‌బీ పరికరం ఒకటి గుర్తింపు పొంది, మరుక్షణం డిస్‌కనెక్ట్ అయిందని పదేపదే రాసి ఉంటే అది దాదాపుగా కరెంటు లోటే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీఆంపియర్లు. బయటి డీవీడీ డ్రైవు డిస్కును తిప్పడం మొదలుపెట్టే సమయంలో అంతకు మించి అడగవచ్చు. డెస్క్‌టాప్ ముందువైపు పోర్టుకు బదులు వెనుక మదర్‌బోర్డు మీది పోర్టుకు తగిలించడం, రెండు యూఎస్‌బీ ప్లగ్గులున్న కేబుల్ వాడటం ఇక్కడ పనిచేసే మందులు. పాత లినక్స్ డిస్కును కొత్త యంత్రంలో పెట్టినప్పుడు నీలి రంగు యూఎస్‌బీ 3 పోర్టు నుంచి తీసి నల్ల రంగు పోర్టులో పెడితే సమస్య పోయిన సందర్భాలకు మూలం, ఆ పాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేకపోవడమే. కొన్నిసార్లు కర్సర్ దగ్గరే పెన్‌డ్రైవ్‌ను ఊడదీసి మళ్లీ గుచ్చి, ఎగ్జిట్ అని టైపు చేస్తే వెతుకులాట కొనసాగి బూట్ పూర్తవుతుంది.

డిస్కు మానేసి పెన్‌డ్రైవ్‌కు మారినవారికి ఈ దశలోనే మరో గొయ్యి ఉంది. ఫెడోరా లైవ్ తన మాధ్యమాన్ని దాని లేబుల్ పేరుతో వెతుక్కుంటుంది. ఐఎస్ఓలోని లేబుల్ పొడవుగా ఉంటే, పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్ పద్ధతిలో తయారుచేసే సాధనం దాన్ని 11 అక్షరాలకు కత్తిరించక తప్పదు. ఆ సాధనం బూట్ మెనూలోని పేరును కూడా సరిదిద్దకపోతే, కెర్నెల్ లేని పేరు కోసం నిమిషాల తరబడి ఎదురుచూసి డ్రాకట్ అన్న పేరుతో వచ్చే అలాంటి కర్సర్ దగ్గరే ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రాము, రాసేటప్పుడు ఐఎస్ఓ విధానమా, ఇమేజీని ఉన్నదున్నట్టు రాసే డీడీ విధానమా అని అడిగేది ఇలాంటి చిక్కుల వల్లే. మొదటిది విఫలమైతే రెండోది ఎంచుకుని మళ్లీ రాయాలి.

స్క్వాష్‌ఎఫ్ఎస్ ఎర్రర్, బఫర్ ఐఓ ఎర్రర్ అంటూ బ్లాక్ సంఖ్యలతో వరుసలు పారితే కథ వేరు. మాధ్యమం దొరికింది, కానీ అందులోని అక్షరాలు సరిగా రావడం లేదు. ఆ సంఖ్యలను ఎవరూ చదవరు, కానీ విషయమంతా వాటిలోనే ఉంది. రెండుసార్లు బూట్ చేసి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడాలి. రెండిట్లోనూ అవే బ్లాకుల దగ్గర ఆగితే డిస్కు మీద ఆ చోటే చెడింది, లేదా ఫైలే చెడ్డది. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే డిస్కును వదిలి డ్రైవు లెన్సును, కేబుల్‌ను, ర్యామ్‌ను అనుమానించాలి.

విశాఖ వాతావరణం ఈ దశలో తన వంతు పాత్ర పోషిస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉండే పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వంటి చోట్ల కిటికీల ఇనుప గ్రిల్లులు ఎంత త్వరగా తుప్పు పడతాయో తెలిసినవారికి, బల్ల మీద తెరిచి ఉంచిన డిస్కుకు ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. రాసుకునే సీడీలో సేంద్రియ రంగు పొర, దాని మీద సాధారణంగా వెండితో పూసిన పలుచని అద్దపు పొర, ఆ పైన లక్క పూత ఉంటాయి. సీడీలో ఆ అద్దపు పొర లేబుల్ వైపునే ఉండటం వల్ల, కింది మెరిసే వైపు కన్నా పైవైపు గీతలే ఎక్కువ ప్రమాదకరం. గీత పడిన చోట తేమ లోపలికి చేరి పొరను తినేస్తుంది. డిస్కును దీపానికి ఎదురుగా పట్టి చూస్తే సూదిమొనల్లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. డీవీడీలో పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. ఉక్కపోత నెలల్లో ఏసీ గదినుంచి తెచ్చిన డ్రైవును వెంటనే తెరిస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. అది ఆరేదాకా ఆగాలి.

డ్రైవు విషయంలో అంతగా తెలియని సంగతి ఒకటుంది. సీడీని చదివే లేజర్, డీవీడీని చదివే లేజర్ వేరు. మొదటిది 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో, రెండోది 650తో పనిచేస్తాయి. ఏళ్లు గడిచిన డ్రైవులో ఒకటి బలహీనపడి రెండోది చక్కగా పనిచేయడం సాధారణం. కాబట్టి సీడీ బూట్ కాని డ్రైవులో అదే 700 ఎంబీ లోపు ఇమేజీని డీవీడీ మీద రాసి పెడితే చదవవచ్చు. తిరగరాసే సీడీల ప్రతిఫలన శక్తి 15 నుంచి 25 శాతమే కాబట్టి పాత డ్రైవులు వాటిని అసలు గుర్తించకపోవచ్చు. లైవ్ డిస్కుకు ఒకసారి రాసేవే మేలు. వేగం తగ్గించి రాయాలన్న సలహా అందరూ ఇచ్చేదే, అందులో నిజముంది. కానీ డిస్కుకు, రైటర్‌కు ఉన్న కనీస వేగానికి తగ్గించినంత మాత్రాన ఎప్పుడూ మేలే జరుగుతుందని చెప్పలేం. అధిక వేగాల కోసం తయారైన డిస్కులకు మధ్యస్థ వేగమే తరచూ నప్పుతుంది.

ఒక్కోసారి ఒక్కో బ్లాకు దగ్గర ఆగే యంత్రంలో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడిపించడం తప్పనిసరి. కుదించిన ఫైలును విప్పే పనిలో ఒక్క బిట్ తారుమారైనా ముక్క మొత్తం పాడవుతుంది కాబట్టి, విండోస్‌లో అప్పుడప్పుడూ వేలాడటంగా మాత్రమే కనిపించిన ర్యామ్ లోపం లైవ్ సీడీలో వెంటనే బయటపడుతుంది. 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి ఇది యూఈఎఫ్ఐ యంత్రాల్లోనూ నడుస్తుంది. ర్యామ్ స్లాట్లలో రెండు కార్డులుంటే ఒకదాన్ని తీసి చూడటం అంతకన్నా చవకైన పరీక్ష. ఉప్పుగాలి తగిలిన చోట కార్డు బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తే లోపం మాయమవడమూ ఉంది.

సందేశాలేవీ లేకుండా నల్ల తెరే వస్తే గ్రాఫిక్స్‌ను మొదట అనుమానించాలి, ముఖ్యంగా ఎన్‌విడియా కార్డు ఉంటే. గ్రబ్ మెనూలో ఆ వరుస మీద ఉండి ఇంగ్లిష్ ‘ఈ’ (e) అక్షరం నొక్కితే ఆదేశాల పాఠం తెరుచుకుంటుంది. అందులో లినక్స్ అన్న మాటతో మొదలయ్యే వరుస చివర క్వయెట్ (quiet), స్ప్లాష్ (splash) అన్న రెండు మాటలు ఉంటాయి. వాటిని తీసేసి, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టమనే నోమోడ్‌సెట్ (nomodeset) అని ఖాళీ లేకుండా ఒకే మాటగా రాసి ఎఫ్10 నొక్కాలి. ఐసోలినక్స్ మెనూలో అయితే ఈ పాఠం ట్యాబ్ మీటతో వస్తుంది. నిజానికి నోమోడ్‌సెట్ చేసే మేలు కన్నా ఆ రెండు మాటలను తీసేయడం వల్ల కలిగే మేలే పెద్దది. లోగో చాటున దాక్కున్న సందేశాలన్నీ తెర మీదికి వస్తాయి, నల్ల తెర కాస్తా చదవగలిగే తెర అవుతుంది. అలా చూసినప్పుడు చివరి వరుస విద్యుత్ నిర్వహణ చూసే ఏసీపీఐ గురించి ఉంటే దాన్ని ఆపే ఐచ్ఛికం ప్రయత్నించవచ్చు. నాలుగైదు ఐచ్ఛికాలు ఒకేసారి కలిపి రాసేయడం మాత్రం మంచి పద్ధతి కాదు; బూట్ అయినా ఏ మందు పనిచేసిందో తెలియదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తే లినక్స్ లోపల సజీవంగానే ఉంది, బొమ్మ చూపడం ఒక్కటే దాని వల్ల కాలేదు. ర్యామ్ తక్కువైన యంత్రంలో డెస్క్‌టాప్ సగం వచ్చి బిగుసుకుపోవడం వేరే సంగతి: లైవ్ సీడీలో రాతలన్నీ ర్యామ్‌లోనే జరుగుతాయి కాబట్టి 1 జీబీ యంత్రానికి ఉబుంటు పెట్టడం అన్యాయం, యాంటీఎక్స్ వంటి తేలికపాటి డిస్ట్రోలు చూడాలి.

ప్రాసెసర్ తేడా ఉంటే కెర్నెల్ దాచుకోకుండా చెప్పేస్తుంది. 64 బిట్ ప్రాసెసర్ కావాలి, ఇక్కడున్నది ఐ686 మాత్రమే అన్న వాక్యం వస్తే ఏ ఐచ్ఛికమూ పనిచేయదు, 32 బిట్ ఇమేజీయే కావాలి. ఉబుంటు 17.10 నుంచి 32 బిట్ డెస్క్‌టాప్ ఇమేజీలు ఆపింది. 2025లో వచ్చిన డెబియన్ 13లో ఆ ప్రాసెసర్లకు కెర్నెల్, ఇన్‌స్టాలర్ లేవు. పాత పెంటియమ్ ఎం లాప్‌టాప్‌లలో కొన్ని పీఏఈ (4 జీబీకి మించిన మెమరీని వాడుకునే ప్రాసెసర్ సదుపాయం) లేదన్న సందేశంతో ఆగుతాయి.

ఏ సందేశమూ దారి చూపని పరిస్థితిలో మిగిలేది అడ్డంగా, నిలువుగా పోల్చడం. అదే డిస్కును ఇంకో యంత్రంలో, ఈ యంత్రంలో ఇంకో డిస్కును పెట్టి చూడాలి. ఐఎస్ఓను వర్చువల్‌బాక్స్‌లో నడిపి చూస్తే డిస్కు, డ్రైవు రెండూ లెక్కలోంచి పోయి, ఫైలు మంచిదో కాదో తేలిపోతుంది. దుకాణానికి వెళ్లేవారు డిస్కుతోపాటు యంత్రాన్ని కూడా తీసుకువెళ్లడం ఇందుకే అవసరం. డిస్కు ఒక్కటే ఇస్తే అక్కడి కంప్యూటర్‌లో బూట్ చేసి బాగుందని తిరిగి ఇస్తారు, అందులో వారి తప్పూ లేదు.

అసలు లైవ్ సీడీ ఎందుకు కావలసి వచ్చిందన్నది కూడా ఒకసారి చూసుకోవాలి. లినక్స్ నేర్చుకోవడం కోసమైతే ఈ శ్రమ అంతా చదువులో భాగమే. విండోస్ తెరుచుకోని యంత్రంలోంచి పెళ్లి ఫొటోలో, ప్రాజెక్టు ఫైళ్లో బయటికి తీయడమే పని అయితే, డిస్కు మీద డిస్కు రాస్తూ కూర్చోనక్కరలేదు. హార్డ్ డిస్కును విప్పి, ఐడీఈకో, సాటాకో, ఎం.2కో తగిన యూఎస్‌బీ కన్వర్టర్‌తో పనిచేసే మరో కంప్యూటర్‌కు తగిలిస్తే, తాళం వేయని డ్రైవైతే ఫైళ్లు అలాగే కనిపిస్తాయి. బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా రికవరీ కీ అడుగుతుంది. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే మాత్రం లైవ్ సీడీ అయినా, కన్వర్టర్ అయినా కరెంటు ఇవ్వడం ఆపి, డేటా రికవరీ చేసేవారి దగ్గరికి వెళ్లాలి.